బంతి చేతికొచ్చిన పూట

ఓంప్రకాశ్ కొత్త జెర్సీని కవరులోంచి తీసి, దులిపి, సన్మానంలో శాలువా కప్పినట్టు రెండు చేతులతో అంబదాసు భుజాల మీద వేశాడు. ఎర్ర జెర్సీ. వీపు మీద ఇంగ్లిషులో పేరు రాసి ఉంది. నిర్మల్‌లో బస్సు మారి, నిలబడే వచ్చి, ఇంకా సంచి కూడా కింద పెట్టని అంబదాసు అలవాటు కొద్దీ జెర్సీ అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. తను సిరిసిల్లలో నడిపే సాంచాల, అదే మరమగ్గాల మీద నేసిన బట్ట కాదు. జారిపోయే సరుకు.

"ఏస్కో అన్నా, ఫొటో దిగుదాం," అన్నాడు ఓంప్రకాశ్. ఇచ్చోడలో అతనికి ఎరువుల దుకాణం ఉంది. జట్టుకు కెప్టెనూ అతనే, ఖర్చు పెట్టుకునేదీ అతనే.

ఫొటో కోసమే అయితే అంత తొందరేముంది. ఈ దిక్కు టెన్నిస్ బాల్ కప్పుల్లో జెర్సీ తొడగడమంటే తాళి కట్టడం లాంటిది. ఒక జట్టు జెర్సీ వేసుకుని గ్రౌండులో ఫొటో దిగినవాడు ఆ కప్పు ముగిసేదాకా ఇంకో జట్టుకు ఆడకూడదు. ఏ ఊళ్లో కప్పు పెట్టినా ఇదే కట్టుబాటు. అందుకే తెలివిగల కెప్టెన్లు బయటి ఆటగాళ్లు బస్సు దిగగానే ముందు జెర్సీ తొడిగిస్తారు, ఆ తర్వాతే చాయ్ తాగిస్తారు.

అంబదాసుకు ఇవన్నీ తెలియనివి కావు. మీసాలు వచ్చిన నాటి నుంచి ఊరూరా తిరిగి కిరాయికి బంతులు వేసినవాడు. ఎన్ని రంగుల జెర్సీలు తొడిగాడో అతనికే గుర్తు లేదు, వాటిలో సగం ఇప్పుడు ఇంట్లో మసిగుడ్డలు. సిరిసిల్లలో అతని పని సాంచాలు నడపడం. కానీ ఎవరైనా ఏం చేస్తావని అడిగితే బౌలర్‌నని చెప్తాడు. నలభైకి దగ్గర పడుతున్నా అదే చెప్తాడు. ఈ ఏడాది మాత్రం అడిగినవాళ్లూ లేరు, పిలిచినవాళ్లూ లేరు. చలికాలమంతా ఫోను వైపు చూసి చూసి, ఇక మన పని అయిపోయిందని మనసుకు చెప్పుకుంటున్న రోజుల్లో ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. సాంచాల ఆసామి రామచంద్రం, ఈసారి పోతే నీ సాంచాలు ఇంకొకరికి ఇస్తానని మొహం మీదే అన్నాడు. అయినా అంబదాసు బస్సెక్కాడు.

జెర్సీ తొడుక్కుని, వీపు మీద తన పేరు ఉందన్న ఎరుకతో కాస్త నిటారుగా నిలబడ్డాడు. ఫొటో తీశారు.

"ఉస్తాద్," అంటూ వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అతని సంచి అందుకుంది. హారిస్. సుల్తానాబాద్ కుర్రాడు. ఈ రెండేళ్లలో కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కున అతనంత వేగంగా వేసేవాడు లేడు. కెప్టెన్లందరూ అతని వెంట పడుతున్నారు. బంతిని వేళ్ల చివర కాకుండా అరచేతి లోతుకు తోసి పట్టి, అదే ఊపుతో వదిలే స్లో బాల్ అతనికి నేర్పింది అంబదాసే. ఆ మాట హారిస్ ఎక్కడికి పోయినా దాచడు.

"నువ్వొస్తవో రావో అని ఫికర్ పడ్డ ఉస్తాద్. మస్తు ఖుషీ అయింది."

"పిలిస్తె రాకుంట ఎట్లుంట," అన్నాడు అంబదాసు. హారిస్ నవ్వి, సంచి భుజాన వేసుకుని షామియానా వైపు నడిచాడు.

మొదటి మ్యాచ్ ఆ మధ్యాహ్నమే. ఎనిమిది ఓవర్ల ఆట, ఒక్కొక్కరు రెండు ఓవర్లకు మించి వేయకూడదు. పత్తి ఏరేసిన చేల పక్కన, హైవే మీద లారీలు పోతూ కనిపించే గ్రౌండు. నల్లరేగడి మీద ఎర్రమొరం పోసి, నీళ్లు చల్లి, రోలరు తిప్పి పిచ్ చేశారు. ఆటకు ముందు అంబదాసు గొంతుక్కూర్చుని, మొరాన్ని బొటనవేలితో గీకి చూశాడు. పైపొర ఎండింది, కింద ఇంకా తడి ఉంది. బంతి పడ్డాక కాస్త ఆగి వస్తుంది. అతని స్లో బాల్‌కు ఇంతకన్నా మంచి నేల ఎక్కడా దొరకదు. లోపల ఏదో కదిలింది. చలికాలమంతా చచ్చిపోయిందనుకున్న ఉత్సాహం అది.

"ఓం తమ్మీ, బంతి ఆగి వస్తది గీడ. నడిమి ఓవర్లు నాకియ్యి."

"చూద్దాం అన్నా. ఇప్పుడైతే నువ్వు గా చెరకురసం బండి దిక్కు నిలబడు."

నిలబడ్డాడు. ఒక ఓవరు అయిపోయిన ప్రతిసారీ కుడిచెయ్యి గిరగిరా తిప్పి, ఓంప్రకాశ్ కంట పడేలా రెండడుగులు లోపలికి వచ్చేవాడు. ఓంప్రకాశ్ ఇంకెవరికో బంతి విసిరేవాడు. అంబదాసు మళ్లీ రెండడుగులు వెనక్కి పోయేవాడు. చెరకురసం బండివాడు ఇదంతా చూసి, "నువ్వు బౌలర్‌వేనా అన్నా?" అని అడిగాడు. అవునన్నాడు అంబదాసు. "మరి ఎయ్యవేంది?" అన్నాడు వాడు. అంబదాసు మళ్లీ పిచ్ వైపు తిరిగాడు. జట్టు గెలిచింది. హారిస్‌ను అందరూ చుట్టుముట్టారు.

ఆ సాయంత్రం ఇంటి నుంచి భార్య నర్మద ఫోన్ చేసింది. ఆటలన్నీ యూట్యూబులో లైవ్ వస్తున్నాయి. బీడీలు చుట్టుకుంటూ, ఫోనును చాటకు ఆనించి పెట్టుకుని చూసిందట.

"నిన్ను ఒక్కపారి గూడ చూపియ్యలే గదనే. ఎన్ని ఓవర్లు ఏసినవ్?"

"ఇయ్యాల నాతోని అవుసరం పడలే. అల్కటి టీము అది, ఊకెనే ఓడిపోయిండ్రు."

"చెయ్యి ఎట్లున్నది?"

"మంచిగున్నది," అన్నాడు. మంచిగానే ఉంది మరి. పొద్దున లేవగానే దండెం మీద తువ్వాల వెయ్యడానికి చెయ్యెత్తితే కాస్త పట్టేస్తుంది, ఎండ పడ్డాక సర్దుకుంటుంది. అది చెప్పేంత సంగతి కాదు.

రెండో రోజు పొద్దున ప్రాక్టీసులో ఓంప్రకాశ్ బ్యాటు పట్టుకుని నిలబడితే అంబదాసు బంతులు వేశాడు. ఎవరూ వెయ్యమనలేదు, తనే బంతి తీసుకున్నాడు. బంతిని బొటనవేలితో నొక్కి గట్టిదనం చూశాడు. రెండు చేతులా మట్టి రాసుకున్నాడు. మడమతో గీత గీసి, అక్కడి నుంచి వచ్చాడు. మొదటి రెండు మామూలువి. మూడోది లోతుగా పట్టుకుని వదిలాడు. ఓంప్రకాశ్ బ్యాటు ముందే ఊపేశాడు, బంతి తీరిగ్గా వచ్చి వికెట్టు పడేసింది. తర్వాతిది కాళ్ల దగ్గర పడే యార్కర్. ఓంప్రకాశ్ బ్యాటు దించేలోపే మధ్య వికెట్టు కదిలింది. మళ్లీ స్లో బాల్ వేస్తే మళ్లీ అదే తంతు.

"భలేగ పడుతున్నయన్నా," అన్నాడు ఓంప్రకాశ్. నిజంగానే అన్నాడు. అంతలో ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ అటు పోయాడు. ఆ మాట పట్టుకుని అంబదాసు మధ్యాహ్నం దాకా గాల్లో తేలాడు. మధ్యాహ్నం మ్యాచులో మళ్లీ చెరకురసం బండి దగ్గరే నిలబడ్డాడు. బండివాడు ఈసారి ఏమీ అడగలేదు. ఊరికే ఒక గ్లాసు రసం ఇచ్చాడు. అంబదాసుకు అది తాగాలంటే సిగ్గేసింది, తాగాడు.

ఆట అయ్యాక హైవే పక్క హోటల్లో చాయ్ తాగుతుంటే ఖానాపూర్ జట్టు కెప్టెన్ నరేశ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పాత పరిచయమే. ఒకరి మీద ఒకరు ఎన్నో ఆటలు ఆడినవాళ్లు.

"పెద్ద దెబ్బ కొట్టిండ్రే అన్నా మీ ఇచ్చోడోళ్లు," అన్నాడు నరేశ్.

"ఏమాయె?"

"మా బౌలర్ బండి మీదికెల్లి పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నడు. నిన్ను తీసుకపోదామని నిన్న మావోళ్లు సిరిసిల్లకే వచ్చిండ్రు. సాంచాల కాడ అడిగితే పొద్దుగాలనే ఇచ్చోడకు పోయిండని మీ ఆసామి చెప్పిండట. ఒక్క పూట ముందొస్తె దొరుకుతుంటివి. గీడ బంతి ఆగుతుంది. నువ్వుంటె ఆఖరి ఓవర్లకు నాకు రందే లేకుండె."

అంబదాసు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. అతనికి సంగతంతా ఒక్కసారిగా తెలిసిపోయినట్టయింది. ఖానాపూర్‌వాళ్లకు అందకుండా తనను ముందే పట్టుకొచ్చి జెర్సీ తొడిగేశారన్నమాట. కప్పుల్లో ఇది మామూలే. ఎదుటి జట్టుకు పోతే మనకు ముప్పు తెస్తాడనుకున్నవాణ్ని తెచ్చి మూలన నిలబెడతారు. ఆడించకపోయినా ఫరవాలేదు, అవతలికి పోకుంటే చాలు. ఇంకొకరైతే ఇది విని కోపం తెచ్చుకునేవారు. అంబదాసుకు మాత్రం గర్వంగా అనిపించింది. తన చేతిని చూసి ఇంకా భయపడుతున్నారు. ఏడాదంతా ఎవరూ పిలవని చెయ్యి ఇది, దీన్ని కట్టేసి ఉంచాలనుకున్నారు.

"జెర్సీ ఏస్కున్న గద నరేశూ. ఇగ ఏం జేస్తం," అన్నాడు, కాస్త పెద్దరికంగా. చాయ్ పైసలు తనే ఇచ్చాడు.

బయటికి రాగానే నర్మదకు ఫోన్ చేశాడు. "నన్ను దాచిపెట్టిండ్రే. ఖానాపూరోళ్లు ఫైనలుకు వచ్చేటట్టున్నరు. గప్పుడు నాతోని ఏపిస్తరు. ఫైనల్ జూడు, ఇడిసిపెట్టకు."

"నిజంగనా?" అంది నర్మద. ఆమె గొంతులో సంతోషం వినిపించి అంబదాసుకు కడుపు నిండిపోయింది.

మూడో రోజు శుక్రవారం, సెమీఫైనల్. ఆట మొదలయ్యే వేళకు హారిస్ నమాజుకు పోయి ఇంకా రాలేదు. ఓంప్రకాశ్ టాస్ ఓడిపోయాడు. అవతలివాళ్లు బ్యాటింగ్ తీసుకున్నారు. అంటే ఇచ్చోడ ముందు బంతి వెయ్యాలి, మొదటి ఓవరు వేసే హారిస్ లేడు.

అంబదాసు ఎవరూ చెప్పకుండానే పిచ్ దగ్గరికి వచ్చాడు. మడమతో గీత గీశాడు. చెయ్యి తిప్పాడు. బంతి ఎంపైరు దగ్గర ఉంది. పోయి తీసుకుని, నొక్కి చూసి, ప్యాంటుకు తుడిచాడు. ఓంప్రకాశ్ పరుగున వచ్చాడు. అంబదాసు వైపు రాలేదు, ఎంపైరు వైపు పోయాడు.

"సార్, జర ఆగుండ్రి. మా బౌలర్ నమాజుకు పోయిండు. వచ్చేస్తుండు, తొవ్వలున్నడు."

అవతలి కెప్టెన్‌ను అడిగారు. వాళ్ల జట్టులోనూ ఇద్దరు నమాజుకు పోయినవాళ్లున్నారు, అందుకని అభ్యంతరం లేదన్నాడు. మైకులో చెప్పారు: ఇచ్చోడ జట్టు బౌలర్ నమాజు నుంచి రాగానే ఆట మొదలవుతుందట. జనం కూర్చున్నారు. బ్యాట్స్‌మెన్ బ్యాట్ల మీద ఆనుకుని నిలబడ్డారు. పిచ్ మధ్యలో, చేతిలో బంతితో, వీపు మీద పేరుతో, ఒక బౌలర్ నిలబడి ఉన్నాడు. ఆ గ్రౌండు మొత్తం ఇంకో బౌలర్ కోసం ఎదురుచూస్తోంది. అంబదాసు బంతిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఎక్కడ చూడాలో తెలియలేదు. గీసిన గీతను కాలితో చెరిపేశాడు. బంతి మళ్లీ ఎంపైరు చేతిలో పెట్టి తన మూలకు నడిచాడు. అంత దూరం ఆ గ్రౌండులో అతను ఎప్పుడూ నడవలేదు.

హారిస్ వచ్చాడు, వేశాడు, గెలిచారు. అవతల ఖానాపూర్ కూడా గెలిచింది.

ఆ సాయంత్రం ఓంప్రకాశ్ దుకాణం ముందు, యూరియా బస్తాల మీద కూర్చుని జట్టంతా మిర్చీలు తింటున్నారు. హారిస్ లేడు, మగ్రిబ్ నమాజుకు పోయాడు. అంబదాసు ఓంప్రకాశ్‌ను పక్కకు పిలిచాడు.

"తమ్మీ, నాకు అంత తెలుసు. ఖానాపూరోళ్లకు పోకుండ నన్ను పట్టుకొచ్చి పెట్టిండ్రు. తప్పేం లేదు, ఆటల గట్లనే ఉంటది. నాకైతే కోపం లేదు. కని రేపు ఫైనల్ వాళ్లతోనే. ఒక్క ఓవరన్న ఇయ్యి. నేను ఊకె కూసోని పైసలు తీసుకునెటోణ్ని కాదు."

ఓంప్రకాశ్‌కు ముందు అర్థం కాలేదు. "ఎవరు పట్టుకొచ్చి పెట్టిండ్రు? ఖానాపూరోళ్లు నిన్ను అడిగింది నాకు తెల్వనే తెల్వది," అన్నాడు. తర్వాత అంబదాసు మొహం చూసి ఆగిపోయాడు. అతను చెడ్డవాడు కాదు. దాచి మాట్లాడడం రాదు, అంతే. "చూడన్నా, ఏం అనుకోకు. హారిస్‌ను అడిగితే, మా ఉస్తాద్‌ను గూడ తీసుకుంటెనే వస్తనన్నడు. ఆయనను ఈసారి ఎవ్వలు పిలువలేదట, ఇంట్ల మస్తు పరేషానైతుండు, జర ఆయనకు గూడ ఒక జెర్సీ ఇయ్యుండ్రి అని బతిలాడిండు. సరే, పదకొండో మనిషే గద అనుకున్న. నీ ఖర్చు గూడ నాకు బరువేం కాలే. ఓవర్లకైతె నాకు నలుగురున్నరు. ఇగ నిన్నేం అంటనే, నువ్వు సీనియర్‌వి."

అంబదాసు తల ఊపాడు. ఓంప్రకాశ్ మిర్చీల పొట్లం ముందుకు చాపితే ఒకటి తీసుకున్నాడు. తిన్నాడు కూడా. చెవుల్లో మాత్రం ఆ ఒక్క మాటే తిరుగుతోంది. ఆయనకు గూడ ఒక జెర్సీ. అడుక్కునేవాడికి పాత చొక్కా ఇప్పించినట్టు. ఈ మూడు రోజులూ గర్వంగా వీపు మీద మోసింది దాన్నేనా?

దానికన్నా పెద్ద సంగతి నెమ్మదిగా తలకెక్కింది. నరేశ్ మనుషులు సిరిసిల్ల దాకా వచ్చింది నిజంగా అతని చెయ్యి కావాలనే. ఆఖరి ఓవర్లకు అతనే కావాలని వచ్చారు. ఏడాది మొత్తంలో అతన్ని బౌలర్‌గా అడిగినవాళ్లు వాళ్లొక్కరే. వాళ్లు వచ్చేసరికి హారిస్ జాలిపడి ఇప్పించిన జెర్సీ తొడుక్కోవడానికి అతను బస్సెక్కి ఉన్నాడు. తనను ప్రేమించే పిల్లవాడే, ఏ పాపం ఎరగకుండా, తనకు మిగిలిన ఒక్క ఆటనూ లాగేసుకున్నాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

హారిస్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఉస్తాద్, బిర్యానీ తెప్పిస్తున్న మనిద్దరికి. తిన్నంక నీ భుజానికి నూనె రాస్త," అన్నాడు.

"ఆకలైతలేదురా."

"ఏమైంది? తబియత్ మంచిగ లేదా?"

"ఏం కాలే," అన్నాడు అంబదాసు. అప్పుడే ఇంటికి పోదామనుకున్నాడు. బస్సులున్నాయి. కానీ ఫైనల్ చూడమని నర్మదకు చెప్పి ఉన్నాడు. ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఒప్పుకోవడానికి అతనికే సిగ్గుగా ఉంది. ఏమో, రేపు ఎవరికైనా దెబ్బ తగిలి, నిజంగానే తన అవసరం పడితే? మనిషి ఆశకు సిగ్గుండదు. అందుకని ఆగిపోయాడు.

ఫైనల్ నాడు జనం గ్రౌండు చుట్టూ ట్రాక్టర్లెక్కి నిలబడ్డారు. ముందు ఇచ్చోడ బ్యాటింగ్ చేసి బాగానే కొట్టింది. ఖానాపూర్‌కు ఆ బంతి ఆగే నేల అంతు పట్టలేదు. వికెట్లు పోతూ వచ్చాయి. నరేశ్ ఒక్కడే ఒక కొస పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరి ఓవరు వచ్చేసరికి వాళ్లకు ఇంకా ఇరవై మూడు పరుగులు కావాలి. ట్రాక్టర్ల మీద నుంచి ఖానాపూర్ జనం ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు.

ఆఖరి ఓవరు హారిస్‌ది. బంతి తీసుకుని నాలుగడుగులు వేసి ఆగాడు. కుడిభుజం పట్టుకుని వంగాడు. ఓంప్రకాశ్ పరుగెత్తాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. ఓంప్రకాశ్ స్కోరు బోర్డు వైపు చూసి, ఒక నిమిషం ఆలోచించి, సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. హారిస్ చెరకురసం బండి వైపు నోటికి రెండు చేతులు అడ్డం పెట్టి పిలిచాడు.

"ఉస్తాద్. రా. నువ్వే ఎయ్యాలె."

అంబదాసు వచ్చాడు. పరుగెత్తలేదు, నడిచే వచ్చాడు. హారిస్ బంతిని అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. "భుజం పట్టేసింది ఉస్తాద్. నాతోని అయితలేదు," అన్నాడు. కళ్లలోకి చూడలేదు. మైకులో చెప్తున్నారు: హారిస్ భుజానికి గాయం, ఆఖరి ఓవర్ సిరిసిల్ల అంబదాస్, సీనియర్ బౌలర్, మన ఉమ్మడి జిల్లాలకు తెలిసిన పేరు. జనం చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు, పేరు గుర్తున్నవాళ్లు ఉన్నారు.

బంతిని బొటనవేలితో నొక్కాడు. ఏడు ఓవర్లు దెబ్బలు తిని కాస్త మెత్తబడింది. ఇలాంటి బంతే అతనికి ఇష్టం. వంగి మట్టి తీసుకుని చేతులకు రాసుకున్నాడు. మడమతో గీత గీసి తల ఎత్తాడు. ఎదురుగా నరేశ్ బ్యాటు పట్టుకుని, ముందుకు వంగి, నిజమైన బౌలర్‌ను చూసే చూపుతో చూస్తున్నాడు. ఆ చూపు కోసమే కదా ఇన్ని రోజులు ఎదురుచూసింది.

పక్కకు చూశాడు. హారిస్ దగ్గర్లోనే నిలబడ్డాడు. బౌండరీ బయట నుంచి ఎవరో నీళ్ల సీసా విసిరితే ఒంటిచేత్తో అందుకుని, రెండు గుక్కలు తాగి, అదే చేత్తో, అదే కుడిచేత్తో, దాన్ని భుజం మీద నుంచి తాడు అవతలికి గిరాటు వేశాడు. సీసా ట్రాక్టర్ల దాకా పోయి పడింది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, చెయ్యి తీసుకెళ్లి భుజం మీద పెట్టుకున్నాడు.

అంబదాసు స్కోరు బోర్డు వైపు చూశాడు. ఇరవై మూడు పరుగులు. ఎవరు వేసినా గెలిచే ఓవరు. ఓడిపోయే భయమే లేదు కాబట్టి తన చేతిలో పెట్టారు. యార్కర్లు వేసినా, చెత్త వేసినా ఒకటే. ఆరు బంతులూ వేస్తే సాయంత్రం వీపు మీద చేతులు వేసి, బాగా వేశావన్నా అంటారు. హారిస్ సంతోషపడతాడు. మళ్లీ ఏడాది ఇంకెక్కడో ఇంకో జెర్సీ ఇప్పిస్తాడు. ఇన్నేళ్లు నేర్చింది, ఇన్ని ఊళ్లు తిరిగింది ఈ ధర్మపు ఓవరు కోసమా? వద్దనుకున్నాడు. అంత గట్టిగా కావాలనుకున్నదాన్ని అంత గట్టిగానే వద్దనుకున్నాడు.

వెనక్కి తిరిగి హారిస్ దగ్గరికి నడిచాడు. బంతి అతని చేతిలో పెట్టాడు.

"నీ చెయ్యికి ఏం కాలే. నువ్వే ఎయ్యి."

"ఉస్తాద్," అన్నాడు హారిస్. భుజం మీది చెయ్యి తీసేశాడు. "ఏమనుకోకు ఉస్తాద్. నేను..."

"ఎయ్యిరా. ఆట ఆగింది."

ట్రాక్టర్ల వైపు నుంచి ఎవరో ఈల వేశారు, ఇంకెవరో నవ్వారు. ఓంప్రకాశ్ కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు. అంబదాసు తన మూలకు పోయి నిలబడ్డాడు. హారిస్ బంతి వేశాడు. మొదటిది పక్కకు పోయింది, తర్వాత సర్దుకున్నాడు. గెలిచారు. గాయమైన భుజంతో ఆఖరి ఓవరు వేసి గెలిపించాడని మైకులో మళ్లీ మళ్లీ చెప్పారు. జనం హారిస్‌ను ఎత్తుకున్నారు. ఎత్తుకున్నవాళ్ల తలల మీద నుంచి హారిస్ అటూ ఇటూ వెతుకుతున్నాడు. అంబదాసు జెర్సీ విప్పి మడతపెట్టి, షామియానాలో కుర్చీ మీద పెట్టి, హైవే మీదికి వచ్చి చెయ్యెత్తి బస్సు ఆపాడు. కూర్చోవడానికి చోటు దొరికింది. దారి పొడవునా అతనికి ఒక విధమైన నెమ్మది ఉంది. తన దగ్గర పోవాల్సినవన్నీ పోయాయి, ఒక్కటి మాత్రం ఉంచుకున్నాననుకున్నాడు. ఆ రాత్రి కరీంనగర్ బస్టాండులోనే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున సిరిసిల్లలో దిగి, ఇంటికి పోకుండా నేరుగా సాంచాల షెడ్డుకు పోయాడు. సాంచాలు లేకపోతే ఆ మాట నర్మదకు ముందే చెప్పాలి కదా. బయట చాయ్ బండి దగ్గర తోటి కార్మికులు నిలబడి ఉన్నారు. అతన్ని చూడగానే మాటలు ఆపేశారు. ఒకడు మాత్రం ఆగలేక, "ఇరవై మూడు గూడ కాపాడకపోతివా అన్నా?" అన్నాడు. మిగతావాళ్లు తలలు దించుకున్నారు.

అంబదాసుకు మొదట ఆ మాట ఎటు నుంచి వచ్చిందో తెలియలేదు. లోపల ఆసామి రామచంద్రం కుర్చీలోంచి లేచి వచ్చాడు. సాంచాల చప్పుడులో వినిపించాలని చెవి దగ్గరికి వచ్చి చెప్పాడు. మొహంలో ఎక్కడా కోపం లేదు.

"చూసినం రా, అందరం చూసినం. సాంచాలు ఆపి మరీ చూసినం. ఆ పోరడు భుజం నొస్తున్నా ఏసిండు. నీకు బంతి చేతిల వెడితే మళ్ల ఇచ్చేస్తివి. పోనీలే. గుండె జారినంక ఎవ్వడైన గంతే. నీ సాంచాలు ఎవ్వలకు ఇయ్యలే. ఇగ నువ్వు యాడికి పోవు, నిన్ను పిలిచెటోడు లేడు. రేపటికెల్లి రా."

అంబదాసు నోరు తెరిచాడు. ఏం చెప్తాడు? ఆ భుజానికి ఏమీ కాలేదని చెప్పాలి. అది చెప్తే హారిస్ అబద్ధమాడాడని చెప్పాలి. ఎందుకు ఆడాడంటే, తనను ఎవరూ పిలవలేదని, జాలిపడి తెచ్చారని, ఎవరు వేసినా గెలిచే ఓవరు తన చేతిలో పెట్టారని అన్నీ చెప్పాలి. సరే అన్నట్టు తల ఊపి బయటికి వచ్చాడు.

ఇంట్లో నర్మద అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఒక్కతే ఉంది. రోజూ ఆమెతో కూర్చునే ఐలవ్వ, రోజారాణి ఈ పూట రాలేదు. నర్మద లేచి నీళ్లిచ్చింది. అన్నం పెట్టింది. అతను తింటున్నంతసేపూ మళ్లీ చాట ముందు కూర్చుని ఆకు కత్తిరించింది. చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"చెయ్యి నొచ్చిందని నేను అందరికి చెప్పిన," అంది నర్మద, తల ఎత్తకుండా. "ఎవ్వలు నమ్మలే. నొచ్చింది ఆ పిలగానికని మైకుల చెప్పిండ్రు గద. నాకన్న నిజం చెప్పు. ఎందుకెయ్యలే?"

అంబదాసు ఆమె వేళ్లను చూశాడు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం కడుతున్నాయి. ఆమెకు చెప్పవచ్చు. ఆమె ఒక్కతే నమ్ముతుంది. కానీ నమ్మాక, ఈ రోజు నుంచి ఆమె కూడా అతన్ని హారిస్ చూసినట్టే జాలిగా చూస్తుంది. అది అతను భరించలేడు.

"భయమైంది," అన్నాడు.

నర్మద కట్టిన బీడీని కట్టలో పెట్టింది. ఇంకో ఆకు తీసుకుంది.

"గా ముచ్చట నాకు ముందే చెప్తె," అంది, "ఫైనల్ జూడనీకి వాడకట్టోళ్లను నేను పిలువకపోదును."